చర్చి ఆర్గనిస్టుకు మాస్టర్స్ డిగ్రీ దేనికి?

1706 ఫిబ్రవరిలో జర్మనీలోని ఆర్న్‌స్టాట్ పట్టణంలో చర్చి పెద్దలు తమ ఆర్గనిస్టును పిలిచి సంజాయిషీ అడిగారు. నాలుగు వారాలు సెలవు పెట్టి వెళ్లినవాడు నాలుగు నెలల దాకా ఎందుకు తిరిగి రాలేదన్నది మొదటి ప్రశ్న. ల్యూబెక్‌లో బుక్స్‌టహూడె అనే పెద్ద ఆర్గనిస్టు దగ్గర విద్య నేర్చుకోవడానికి వెళ్లానన్నాడు. రెండో ఫిర్యాదు, పాటల్లో వింత మార్పులు చేసి, పరాయి స్వరాలు జొప్పించి సంఘాన్ని తికమక పెడుతున్నాడని. మూడోది ఇంకా తమాషా: మొదట్లో మరీ ఎక్కువసేపు వాయించేవాడట, తగ్గించవయ్యా అంటే మరీ పొట్టిగా ముగించేస్తున్నాడట. ఆ కుర్రాడికి అప్పటికి ఇరవయ్యేళ్లు. పేరు యోహాన్ సెబాస్టియన్ బాఖ్.

ఆయనకు సంగీతం రాదని ఆ పెద్దలెవరూ అనలేదు. వాళ్ల బాధంతా పాట ఎప్పుడు ఎత్తుకోవాలో జనానికి తెలియకపోవడం, ఎంతసేపు సాగుతుందో అంతుపట్టకపోవడం. చేతి నైపుణ్యం ఒక విద్య, ఆరాధనకు ఒదిగి వాయించడం మరో విద్య. ఈ రెండోదాన్ని విడిగా, పద్ధతిగా, పరీక్ష పెట్టి మరీ నేర్పేవే నేటి ‘సేక్రెడ్ మ్యూజిక్’ ఉన్నత చదువులు. వాటి పేర్లు మాత్రం దేశానికో తీరుగా ఉండి, కొత్తవాళ్లను గందరగోళపెడతాయి.

మాటలు ముందు తేల్చుకుందాం

సేక్రెడ్ మ్యూజిక్ అంటే భక్తి సంగీతం మొత్తం. కచేరీ హాల్లో టిక్కెట్టు కొని వినే ఒరటోరియో (బైబిలు కథను గాయకులు, ఆర్కెస్ట్రా కలిసి వినిపించే పెద్ద కృతి) కూడా అందులోకే వస్తుంది. లిటర్జికల్ మ్యూజిక్ అంత విశాలం కాదు. ఆరాధన క్రమంలో ఒక చోటు, ఒక పని ఉన్న సంగీతం మాత్రమే అది. లిటర్జీ అంటే ఆ క్రమం. కాథలిక్కులు దైవార్చన అంటారు, మిగతా సంఘాలవాళ్లు ఆరాధన క్రమం అంటారు. అందులో ప్రతి వారం మారని భాగాలు కొన్ని, ఆ రోజు పండుగను బట్టి మారేవి కొన్ని ఉంటాయి.

ఇక మనిషి పేరు. ఆర్గాన్ వాయించేవాడు ఆర్గనిస్టు, క్వయిర్‌ను, అంటే పాడే బృందాన్ని, నడిపేవాడు క్వయిర్‌మాస్టర్. జర్మనీలో ఈ రెండు పనులూ ఒకే మనిషివి, ఆయన్ని కాంటర్ అంటారు. అందుకే అక్కడి డిగ్రీ పేరులో ఆర్గాన్ అన్న మాటే ఉండదు. ‘కిర్షెన్‌ముజీక్’, అంటే చర్చి సంగీతం, అంతే.

వాద్యం గురించి, అవసరమైనంత వరకు

పైప్ ఆర్గాన్‌కు చేతులతో వాయించే కీబోర్డులు రెండో మూడో ఉంటాయి, కాళ్లతో వాయించే పెడల్ వరస ఒకటి. ఒక్కో స్టాప్ లాగితే ఒక్కో రకం గొట్టాల వరస పలుకుతుంది. స్టాప్ మీద అంకె అడుగుల్లో ఉంటుంది. 8 అని ఉంటే రాసిన స్వరమే పలుకుతుంది. 4 అంటే ఒక స్థాయి పైన, 2 అంటే రెండు స్థాయిలు పైన, 16 అంటే ఒక స్థాయి కింద. ‘8’ అన్నది ఆ వరసలో అతి మంద్ర స్వరం పలికే తెరిచిన గొట్టం ఇంచుమించు పొడవు. కొస మూసిన గొట్టమైతే సగం పొడవుతోనే అదే స్వరం ఇస్తుంది, స్థలం చాలని చర్చిలకు అదో వెసులుబాటు.

ఆర్గాన్ నిర్మాణం కూడా ఈ చదువులో ఒక పేపరు. ఎందుకో ఒక ఉదాహరణ చాలు. చలికాలంలో చర్చి లోపల 10 డిగ్రీలు ఉండి, పండుగ రోజు హీటర్లు వేసి 20 డిగ్రీలకు తెచ్చారనుకోండి. గాలిలో శబ్ద వేగం సుమారు 1.75 శాతం పెరుగుతుంది. మామూలు గొట్టాల శ్రుతి దానితో పాటే అర మెట్టులో (పక్కపక్క మీటల మధ్య తేడాలో) దాదాపు మూడో వంతు పైకి జరుగుతుంది. లోహపు నాలుక కొట్టుకుని పలికే రీడ్ గొట్టాలు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటాయి. చెవికి రీడ్లు చెడినట్టు తోస్తుంది, జరిగినవి నిజానికి మిగతా వేల గొట్టాలు. ఇది తెలియనివాడు ఆర్గాన్ పాడైందని కంగారుపడతాడు. తెలిసినవాడు ఆ కొద్ది రీడ్లను సరిచేసుకుంటాడు, లేదా ఆ రోజుకు వాటిని ముట్టుకోడు.

జనం చేత పాడించడం: ఒక పాట లెక్క

కచేరీకీ ఆరాధనకూ అసలు తేడా ఇక్కడుంది. ఆర్గాన్ వెనక బాల్కనీలో ఉంది, ముందు వరస జనం 34 మీటర్ల దూరంలో ఉన్నారనుకుందాం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఆర్గాన్ మోత వాళ్లను చేరడానికి 0.1 సెకను, వాళ్ల గొంతు వెనక్కి రావడానికి ఇంకో 0.1. వాళ్లు సరిగ్గా ఆర్గాన్‌తోనే పాడుతున్నా, ఆర్గనిస్టు చెవికి 0.2 సెకన్లు ఆలస్యంగా వినిపిస్తారు.

నిమిషానికి 60 దెబ్బల లయలో పాట నడుస్తోంది, చరణానికి 32 దెబ్బలు. జనం వెనకబడ్డారనుకుని ఆర్గనిస్టు ప్రతి దెబ్బకూ ఆ 0.2 సెకన్లు ఆగాడో, 32 సెకన్ల చరణం 38.4 సెకన్లవుతుంది. ఐదు చరణాలకు 32 సెకన్లు అదనం, అంటే పాడని ఆరో చరణం ఒకటి పాడినంత కాలం. నిజంలో ఇంకా ఘోరంగా ఉంటుంది, ఎందుకంటే ఆయన ఆగేకొద్దీ జనమూ సాగదీస్తారు. కాబట్టి విద్యార్థికి మొదట నేర్పేది జనాన్ని వింటూనే వాళ్లకోసం ఆగకుండా ఉండడం. వినికిడికి వ్యతిరేకంగా వేళ్లను నడపాలి. ఇది పుస్తకం చదివి వచ్చేది కాదు, పెద్ద చర్చిలో గంటల తరబడి కూర్చుంటేనే పట్టుబడుతుంది.

తర్వాత ఊపిరి. ఆర్గాన్‌కు ఊపిరి అక్కర్లేదు, మనుషులకు కావాలి. 8.6.8.6 అక్షరాల ఛందంలో ఉన్న పాటకు నాలుగు పాదాలు. పాదం చివర చేతులు లేపి లిప్తపాటు నిశ్శబ్దం ఇస్తేనే జనం ఊపిరి తీసుకుంటారు. అయితే మూడో పాదంలో మొదలైన వాక్యం నాలుగో పాదంలో పూర్తయ్యే చోట అలా ఆపితే అర్థం విరుగుతుంది. చరణం చరణానికీ వాక్యం విరుపు మారుతుంది కనుక, చేతులు లేపే చోటూ మారాలి. ఆర్గనిస్టు స్వరాలతో పాటు మాటలు కూడా చదువుతూ వాయిస్తున్నాడా లేదా అన్నది పరీక్షకులు ఇక్కడే పట్టేస్తారు.

స్టాప్‌ల ఎంపికలోనూ ఇంతే. ముప్పై మంది ఉన్న ప్రార్థనకు మెత్తని 8, 4 చాలు. మూడు వందల మందికి 8, 4, 2, పైన మిక్స్చర్ (ఒక్క మీటకు పలు సన్నని గొట్టాలు కలిసి పలికే స్టాప్), పెడల్‌లో 16. పైస్థాయి గొట్టాలు మోత పెంచడానికే అనుకుంటారు చాలామంది. వాటి అసలు మేలు, గుంపులో ఉన్నవాడికి తన పక్కవాడి గొంతు దాటి శ్రుతి వినిపించడం. అది మితిమీరితే ఫలితం తిరగబడుతుంది. తన గొంతు తనకే వినిపించనివాడు పాడడం మానేసి వినడం మొదలుపెడతాడు.

ఇంకొకటి, శ్రుతి మార్పు. పొద్దున 8 గంటల ఆరాధనలో గొంతులు ఇంకా తెరుచుకోవు. పుస్తకంలో ఇ ఫ్లాట్ మేజర్‌లో ఉన్న పాటను అర మెట్టు దించి డి మేజర్‌లో వాయించాలి. మూడు ఫ్లాట్ల నుంచి రెండు షార్ప్‌లకు, నాలుగు గొంతుల కూర్పు మొత్తం, చూస్తూ చూస్తుండగానే. ఎలక్ట్రానిక్ కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట ఉంటుంది. గొట్టాలకు లేదు.

ఆరాధన గడియారం

ప్రభు భోజనానికి, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి, 200 మంది లేస్తారు. రెండు వరసలు, మనిషికి సుమారు 6 సెకన్లు. లెక్కకు పది నిమిషాలు. ఆర్గనిస్టు దగ్గర నాలుగు నిమిషాల కృతి ఉంది, తర్వాత మూడు నిమిషాల పాట ఉంది. మిగిలిన మూడు నిమిషాలు ఎవరూ రాసివ్వలేదు. పైగా ఒక వృద్ధురాలి దగ్గర వరస ఆగిందంటే ఆ మూడు నాలుగవుతాయి. ఆ ఖాళీని అప్పటికప్పుడు అల్లి నింపాలి, పాస్టర్ బల్ల దగ్గర నుంచి కదలగానే గౌరవంగా ముగించాలి.

అల్లడం అంటే తోచింది వాయించడం కాదు. ఆ కృతి ఇ మైనర్‌లో ముగిసింది, రాబోయే పాట ఎఫ్ మేజర్‌లో ఉంది. రెండూ దూరపు ఊళ్లు. వంతెన ఇలా కడతారు: ఇ మైనర్ నుంచి ఎ మైనర్‌కు, అక్కడి నుంచి జి మైనర్, సి సెవెన్త్, చివరికి ఎఫ్. ఎ మైనర్ రెండిళ్లకూ చుట్టం. ఇ మైనర్‌లో అది నాలుగో మెట్టు తీగ (కలిసి పలికే స్వరాల గుంపు, కార్డ్), ఎఫ్ మేజర్‌లో మూడో మెట్టు తీగ. ఈ చుట్టరికాలు పన్నెండు శ్రుతుల మధ్యా చేతికి అలవాటయ్యేదాకా చేయిస్తారు. మీద నుంచి రాబోయే పాట వరసలోంచి ఒక తునక తీసుకుని అల్లితే, జనానికి ఏ పాట వస్తోందో చెప్పకుండానే తెలుస్తుంది.

కొన్ని చోట్ల క్రమమే సంగీతం నిడివిని నిర్ణయిస్తుంది. కాథలిక్ పూజలో ‘దేవుని గొర్రెపిల్ల’ పాట గురువు (ఫాదర్) రొట్టెను విరిచేటప్పుడు పాడేది. విరవడం పూర్తయ్యేదాకా ఆ పిలుపును ఎన్నిసార్లైనా తిప్పి పాడవచ్చు, శాంతిని కోరే మాట మాత్రం చివరిసారికే. అందమైన స్వరకల్పన మూడుసార్లకే రాశారని మూడింటికే ఆపేస్తే, గురువు చేయి ఇంకా పనిలోనే ఉంటుంది.

పంచాంగం కూడా తెలియాలి. కాథలిక్ నియమావళి ప్రకారం తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందటి ఉపవాస దినాల్లో) ఆర్గాన్ గానానికి ఆసరాగా మాత్రమే పలకాలి, ఒంటరిగా కాదు. మినహాయింపులు ఆ కాలపు నాలుగో ఆదివారం, మహోత్సవాలు, పండుగలు. ఆ కాలం మొదలయ్యే భస్మ బుధవారం నాడు పూజ చివర బ్రహ్మాండమైన టొకాటా (వేళ్ల వేగం చూపే కృతి) వాయించినవాడు తప్పు స్వరం ఒక్కటీ వేయకపోయినా తప్పు చేసినట్టే. లూథరన్ చర్చిలో ఇదే విషయానికి ఊరికో ఆనవాయితీ. అందుకే ఈ చదువులో లిటర్జీ పేపరు అలంకారం కాదు.

జర్మనీ నిచ్చెన: డి, సి, బి, ఎ

అందరికంటే స్పష్టంగా మెట్లు కట్టింది జర్మనీ. చర్చి సంగీతకారుల పట్టాలకు అక్కడ అక్షరాలే పేర్లు. డి పునాది పరీక్ష. సి పార్ట్‌టైమ్ వాళ్లకు, ఉద్యోగమో చదువో చేసుకుంటూ సాధారణంగా రెండేళ్లలో పూర్తిచేసేది, చర్చిలే నడిపేది. బి అంటే ఎనిమిది సెమిస్టర్ల బ్యాచిలర్, 240 క్రెడిట్లు. ఎ అంటే దాని మీద నాలుగు సెమిస్టర్ల మాస్టర్స్, ఇంకో 120. అడుగు నుంచి కొస దాకా ఆరేళ్లు. రెగెన్స్‌బుర్గ్‌లో ఫ్రాంజ్ సావేర్ హాబెర్ల్ 1874లో తెరిచిన కాథలిక్ చర్చి సంగీత పాఠశాల ఈ దారికి ఒక మొదలు. ఇవాళ అదే కళాశాల స్థాయిలో డిగ్రీలిస్తోంది. రోమ్‌లో పోప్ 10వ పయస్ 1910లో స్థాపించిన పాంటిఫికల్ సంస్థ తర్వాతిదే.

పేపర్ల జాబితా చూస్తే ఒక మనిషికి ఇన్నా అనిపిస్తుంది. ఆర్గాన్ కృతులు ఒక ప్రధాన విషయం. ‘ఆరాధన ఆర్గాన్’ దానికి సమానంగా నిలబడే మరో ప్రధాన విషయం, పరీక్ష వేరు. క్వయిర్ నడపడం, ఆర్కెస్ట్రా నడపడం, పలు గొంతుల స్కోరును పియానో మీద చదవడం, అంకెల బేస్ (కింది స్వరం మీది అంకెలు చూసి తీగలు కట్టడం), గాత్రం, పిల్లల క్వయిర్, గ్రెగోరియన్ గానం (కాథలిక్కుల ప్రాచీన ఒంటి వరస గానం), కీర్తనల చరిత్ర, లిటర్జీ, ఆర్గాన్ నిర్మాణం. ఇప్పుడు వీటికి బ్యాండ్, పాప్ పియానో తోడయ్యాయి.

ఆరాధన ఆర్గాన్ పరీక్ష తీరు ఇలా ఉంటుంది. కొన్ని పాటల నంబర్లు కొద్ది రోజుల ముందు ఇస్తారు. ఒక్కోదానికి ప్రవేశ వాదనం, జనం పాడేందుకు కూర్పు, వరస పెడల్‌లో నడిచే కూర్పు, వరస నడిమి గొంతులో నడిచే కూర్పు సిద్ధం చేసుకురావాలి, కాగితం లేకుండా. తర్వాత గదిలోనే మరో నంబరు చెప్పి వాయించమంటారు. జర్మన్ ప్రొటెస్టంట్ కీర్తనల పుస్తకంలో అన్ని ప్రాంతాలకూ ఉమ్మడి భాగమే 535 పాటలు. ఏది అడుగుతారో చెప్పలేం.

ఎ, బి తేడాను మంచి, ఓ మోస్తరు అన్నట్టు చూడడం పొరపాటు. బి పట్టా ఉన్నవాడు ఆదివారం పని మొత్తం చేయగలడు. ఎ ఉద్యోగం పెద్ద నగర చర్చిలలో, జిల్లా కాంటర్ పదవుల్లో ఉంటుంది. ఆర్కెస్ట్రాతో పెద్ద కృతులు నడపడం, చుట్టుపక్కల ఊళ్ల సి విద్యార్థులను తయారుచేయడం ఆ పదవి పనులు. అంటే పై మెట్టు కింది మెట్టుకు గురువు.

ఇంత నిచ్చెన నిలబడడానికి కారణం డబ్బు. జర్మనీలో చర్చి సభ్యుల ఆదాయపు పన్ను మీద 8 లేక 9 శాతం చర్చి పన్ను పడుతుంది. పూర్తి జీతపు ఉద్యోగాలు దాని మీదే నడుస్తాయి. ఆ జీతంతో పాటు చర్చి నియమాలూ వస్తాయి. ఎస్సెన్‌లో ఒక కాథలిక్ ఆర్గనిస్టును, భార్య నుంచి విడిపోయి మరొకరితో ఉంటున్నాడన్న కారణంతో పనిలోంచి తీసేస్తే, ఆ వివాదం యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది. 2010లో తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది. జర్మన్ కోర్టులు ఆయన హక్కులను చర్చి ప్రయోజనాలతో సరిగా తూచలేదన్నది దాని సారం.

అమెరికాలో ఒకే పనికి నాలుగు దారులు

చర్చి పన్ను లేని అమెరికాలో నిచ్చెన కూడా లేదు. పక్కపక్కనే నాలుగు ద్వారాలున్నాయి.

మాస్టర్ ఆఫ్ మ్యూజిక్, ఆర్గాన్ ప్రధానంగా: సంగీత కళాశాలలు ఇచ్చేది. బరువంతా కచేరీ మీద, ఆరాధన వాదనం ఒకటి రెండు కోర్సులు. మాస్టర్ ఆఫ్ సేక్రెడ్ మ్యూజిక్: వాద్యం లేదా క్వయిర్‌తో పాటు లిటర్జీ, వేదాంతం (క్రైస్తవ దైవశాస్త్రం) సమపాళ్లలో. నోత్రడామ్ విశ్వవిద్యాలయం ఇచ్చేది ఇలాంటిదే. లిటర్జికల్ మ్యూజిక్‌లో ఎం.ఏ.: వేదాంత విద్యాలయాల డిగ్రీ, బరువు ఎక్కువగా చదువు మీద. సంగీత డిగ్రీలను గుర్తించేది 1924లో ఏర్పడిన జాతీయ సంగీత పాఠశాలల సంఘం, వేదాంత డిగ్రీలను గుర్తించే సంఘం వేరు. రెండు డిగ్రీల పేర్లలో ఒకే మాటలు కనిపించినా, లోపలి పాళ్లు అందుకే వేరు.

నాలుగోది డిగ్రీయే కాదు. 1896లో స్థాపించిన అమెరికన్ గిల్డ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ పరీక్షలు పెట్టి పట్టాలిస్తుంది. సర్వీస్ ప్లేయింగ్‌తో మొదలై కొలీగ్, అసోసియేట్, ఫెలో దాకా, క్వయిర్‌మాస్టర్‌కు విడిగా ఒకటి. తరగతులుండవు, నేర్చుకోవడం ఎవరి దారి వారిది. ఇంగ్లండ్‌లో 1864 నాటి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ కూడా పేరుకు కాలేజీయే కానీ దాని పట్టాలు పరీక్షల మీదే నడుస్తాయి. హైదరాబాద్, విజయవాడల్లో పిల్లలు రాసే ట్రినిటీ గ్రేడ్ పరీక్షలు తెలిసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

సంగీతం, వేదాంతం ఒకే కప్పు కింద నేర్పాలన్న ప్రయత్నానికి ఒక ముచ్చట ఉంది. పాస్టర్లను తయారుచేసే న్యూయార్క్ యూనియన్ సెమినరీలో క్లారెన్స్ డికిన్సన్, హెలెన్ డికిన్సన్ దంపతులు 1928లో మొదలుపెట్టిన సేక్రెడ్ మ్యూజిక్ పాఠశాల 1973లో మూతపడింది. అక్కడి అధ్యాపకులు కొందరు యేల్ విశ్వవిద్యాలయానికి తరలి, యేల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సేక్రెడ్ మ్యూజిక్‌కు పునాది వేశారు. అక్కడ ఆర్గనిస్టు డిగ్రీ సంగీత పాఠశాల నుంచి వస్తుంది, పక్క బెంచీలో కూర్చునే కాబోయే పాస్టర్ డిగ్రీ డివినిటీ స్కూల్ నుంచి వస్తుంది. పాస్టర్లూ ఆర్గనిస్టులూ రేపు ఎలాగూ పోట్లాడుకుంటారు, ఆ పోట్లాట ముందే క్లాసులో అయిపోవడం మంచిదే.

అసలు ఇంత చదువు కావాలా?

కావాలనేవారి వాదన: ఇది ఒక ఉద్యోగం కాదు, ఆరు ఉద్యోగాలు. సగం నేర్చినవాడు కృతులు బాగా వాయించి పాటలు చెడగొడతాడు, లేదా తిరగేసి. కాథలిక్ చర్చి రెండో వాటికన్ మహాసభ 1963 నాటి లిటర్జీ శాసనం కూడా సంగీత శిక్షణకు పెద్దపీట వేయమంది, పైప్ ఆర్గాన్‌ను గౌరవంగా నిలుపుకోమంది.

అక్కర్లేదనేవారి వాదన కూడా తేలిగ్గా కొట్టేసేది కాదు. చాలా చర్చిలు ఇవ్వగలిగేది వారానికి కొద్ది గంటల జీతం. ఆరేళ్లు చదివి అర ఉద్యోగానికి ఎవరు వస్తారు? ఒక ఎ కాంటర్‌కు పెట్టే ఖర్చుతో పదిమంది సి ఆర్గనిస్టులను తయారుచేస్తే పల్లె చర్చిలు మూగబోవు కదా అంటారు. దానికి జవాబు, ఆ పదిమందికి నేర్పేది ఎవరన్న ప్రశ్నే. రెండు పక్షాలూ సభ్యుల సంఖ్య తగ్గుతున్న చర్చిల్లో నిలబడే మాట్లాడుతున్నాయి. అమెరికాలో చర్చి సంగీతానికి పేరున్న వెస్ట్‌మిన్‌స్టర్ క్వయిర్ కాలేజీయే 2020లో ప్రిన్స్‌టన్‌లోని తన సొంత ప్రాంగణం వదిలి మాతృ విశ్వవిద్యాలయం ఆవరణలోకి మారింది.

గిటారా, ఆర్గానా అన్న తగువు మూడోది. వెస్ట్‌ఫాలియా ప్రాంతపు ప్రొటెస్టంట్ చర్చి కళాశాల హెర్ఫోర్డ్‌లో ఆర్గాన్ చదువు నడుపుతూనే, విట్టెన్‌లో పాప్ చర్చి సంగీతానికి విడిగా చోటు తెరిచింది. దీన్ని లొంగుబాటు అన్నవాళ్లున్నారు. వాద్యం మారినా ఆ పది నిమిషాల ప్రభు భోజనం లెక్క బ్యాండుకూ తప్పదు. ఆ లెక్క నేర్చుకోని బ్యాండు ఒకే పల్లవిని ఎనిమిదిసార్లు తిప్పుతుంది.

మన కీర్తన దగ్గరికి వస్తే

పాశ్చాత్య కీర్తనల పుస్తకంలో పాట మీద 8.6.8.6 అని ఛందం అంకెలుంటే, మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల మీద రాగం, తాళం ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి వంటివారు రాసినవి ఒకే గొంతు వెంట నడిచే కీర్తనలు. వాటికి నాలుగు గొంతుల తీగలు కట్టబోతే ఏమవుతుందో మోహన రాగం చూపిస్తుంది. అందులో స రి గ ప ద తప్ప మ, ని లేవు. సి షడ్జమంగా పెట్టుకుంటే ఆ స్వరాలు సి, డి, ఇ, జి, ఎ. మామూలు అలవాటుగా ఎఫ్ తీగ వేశామంటే మధ్యమం వచ్చి కూర్చుంటుంది, జి తీగ వేస్తే నిషాదం. రెండు తీగలతో రాగం పోయింది. సి మేజర్, ఎ మైనర్ మాత్రం పూర్తిగా రాగంలోనే ఇముడుతాయి. కింద పెడల్‌లో స, ప నిలిపి పైన వరసను ఒంటరిగా వదిలేయడం మరో దారి.

గమకం సంగతి వేరే. మీట నొక్కితే ఒకే శ్రుతి పలికే వాద్యం జారలేదు. ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు హార్మోనియాన్ని దూరం పెట్టడానికి ఇదీ ఒక కారణమే.

గ్రెగోరియన్ గానానికి ఆర్గాన్ తోడు వాయించడం నేర్పే తరగతిలో అచ్చంగా ఇదే చిక్కు వస్తుంది. డి మీద నిలిచే డోరియన్ అనే పాతకాలపు స్వర వరసకు అలవాటు కొద్దీ ఎ మేజర్ తీగ వేస్తే, అందులోని సి షార్ప్ ఆ వరసను ఆధునిక మైనర్‌గా మార్చేస్తుంది. అందుకే అక్కడ తీగలు తగ్గిస్తారు, బేస్‌ను చాలాసేపు ఒకేచోట నిలుపుతారు, మాటలో ఒత్తు పడే అక్షరం దగ్గర మాత్రమే తీగ మారుస్తారు. విదేశంలో ఆర్గాన్ ఉన్న చర్చిని అద్దెకు తీసుకుని ఆరాధించుకునే తెలుగు సంఘానికి, తన కీర్తన రాగం చెడకుండా వాయించేవాడు దొరికితే, ఆయన బహుశా ఈ తరగతిలో కూర్చుని వచ్చినవాడే అయి ఉంటాడు.